గోడ దగ్గర నిలబడిన తండ్రి



బడిలో మన పిల్లలు వేసే క్రిస్మస్ నాటికలో తలకు తువ్వాలు చుట్టిన కాపరులు, గడ్డి పరిచిన పశువుల తొట్టి ఉంటాయి. ఈ దృశ్యాన్ని కళ్ళకు కట్టే ఆచారానికి 1223వ సంవత్సరం ముఖ్యమైనది. ఆ క్రిస్మస్ రాత్రి ఇటలీలో గ్రెచ్చో అనే కొండ ఊరి దగ్గర అస్సీసీ ఫ్రాన్సిస్ గారు తొట్టిలో గడ్డి వేయించి, ఎద్దును, గాడిదను తెప్పించారు. చుట్టుపక్కల వారు కొవ్వొత్తులు, దివిటీలు పట్టుకొని వచ్చారు. ఆ చీకటిలో వెలుగు తెచ్చింది సామాన్య జనమే.

నిరుడు ఒక బడి కార్యక్రమంలో మేము వేదికపై కుర్చీలో కూర్చున్నాం. పత్తి ఏరి నేరుగా వచ్చిన ఒక తండ్రి, మాసిన బట్టలని జంకి గోడ దగ్గరే నిలబడ్డాడు. కాపరి వేషంలో ఉన్న ఆయన కూతురు మాట మరచిపోయి, జనంలో నాన్న కోసం వెదికింది. ఆయనను ముందుకు పిలవవలసిన మేము పిలవలేదు. అది మా తప్పు.

లూకా సువార్త 2వ అధ్యాయంలోని కాపరులూ పని చోటి నుండే వచ్చారు. తల్లిదండ్రులారా, ఈసారి మీ బిడ్డకు కనబడేలా ముందు కూర్చోండి. కుర్చీ మేము వేస్తాం. ఆమేన్.