ఆరంభశూరత్వం, అనువర్తనం: చెల్లింపు యాప్‌ల చరిత్ర

"ఆరంభశూరత్వం" అనే మాటను మనవాళ్ళు మనమీదనే ప్రయోగించుకోవడం చిరకాలంగా ఉన్నది. దేనినైనా ఆర్భాటంగా మొదలుపెట్టి నడుమనే విడిచిపెట్టడమని దాని భావం. గడచిన పదేళ్ళలో మన సెల్‌ఫోన్లలోకి వచ్చిన చెల్లింపు యాప్‌ల చరిత్రను పరిశీలిస్తే, ఈ నింద మోయవలసినది వాడుకొనే జనమా, మొదలుపెట్టిన ఘనులా అన్న సందేహం కలుగుతుంది. యాప్‌ను "అనువర్తనం" అని తెలుగు చేసినవారున్నారు. అనువర్తించడమంటే వెంట నడవడం. మరి ఎవరి వెంట ఎవరు నడవాలి? యాప్ వెంట జనమా, జనం వెంట యాపా? ఈ వ్యాసంలో నేను విచారించదలచినది ఇదే.

ముందుగా పునాది సంగతి. దేశంలో చిల్లర చెల్లింపుల వ్యవస్థలను నడపడానికి 2008లో జాతీయ చెల్లింపుల సంస్థ ఏర్పడింది. అది రూపొందించిన యూపీఐ విధానాన్ని 2016 ఏప్రిల్ 11న ముంబయిలో నాటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురామ్ రాజన్ ప్రారంభించారు. ఒక బ్యాంకు ఖాతా నుండి మరొక బ్యాంకు ఖాతాకు, ఖాతా సంఖ్యతో పనిలేకుండా, క్షణాల్లో సొమ్ము చేర్చడం దీని విశేషం. యూపీఐ రహదారి వంటిది. యాప్‌లు దానిమీద నడిచే బండ్లు. ఆ ఆగస్టులోనే బ్యాంకుల బండ్లూ, ఫోన్‌పే బండీ ఈ దారి పట్టాయి. అయినా పల్లెపట్టుల్లో ఆ పేర్లు విన్నవారు అరుదు. నవంబరు 8న అయిదువందల, వెయ్యి రూపాయల నోట్లు రద్దయిన తరువాతనే అందరి చూపూ ఇటు మళ్ళింది.

చేతిలో నోట్లు ఆడని ఆ డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "ఏపీ పర్స్" అనే యాప్‌ను విడుదల చేసింది. పలు బ్యాంకుల సేవలనూ, పలు వాలెట్లనూ ఒకే గూటికి చేర్చడం దాని ఉద్దేశం. నగదు లేని లావాదేవీలను జనానికి నేర్పడానికి "మార్పు నేస్తం" పేరిట కార్యకర్తలను ఏర్పరచి, వారికి పారితోషికం కూడా నిర్ణయించారు. డిజిటల్ చెల్లింపులపై ఏర్పడిన ముఖ్యమంత్రుల సంఘానికి కన్వీనరు నాటి మన ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడే. ఆ సంఘం మధ్యంతర నివేదిక 2017 జనవరి 24న ప్రధానికి అందింది. పొరుగున తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్ 1న "టి వాలెట్" తెచ్చింది. సంకల్పంలో లోపమేమీ కనబడదు. అయినా నేడు మా దుత్తలూరు బజారులో ఏపీ పర్స్ అంటే, అదేమిటి సారూ అని అడుగుతారు.

కేంద్రం వారి భీమ్ యాప్ 2016 డిసెంబరు 30న ఢిల్లీలో విడుదలైంది. పది రోజుల్లో కోటిసార్లు దించుకున్నారు. తొలుత హిందీ, ఆంగ్లాలతోనే వచ్చినా అచిరకాలంలోనే అందులో తెలుగు చేరింది. డిజిటల్ చెల్లింపులను ప్రోత్సహించడానికి అంతకు అయిదు రోజుల ముందే లాటరీ బహుమతులు మొదలయ్యాయి. నూరు రోజులపాటు, దినానికి 15,000 మందికి వెయ్యేసి రూపాయలు! 2017 ఏప్రిల్ 14న తీసిన ఆఖరి చీటీకి కోటి రూపాయలు! తరువాత ఏమయింది? కొన్నేళ్ళు తిరిగేసరికి మొత్తం యూపీఐ లావాదేవీలలో భీమ్ యాప్ వాటా నూటికి ఒకటికన్న దిగువకు జారింది. ప్రభుత్వం వేసిన దారి నిలిచింది. ప్రభుత్వం తోలిన బండి వెనుకబడింది.

ముందుకు పోయిన బండ్లవారు ఏమి చేశారో కూడా చూడాలి. గూగుల్ వారి "తేజ్" 2017 సెప్టెంబరు 18న వచ్చింది. తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలతోనే రంగప్రవేశం చేసింది. సొమ్ము పంపితే ఒక గీకుడు కార్డు, గీకితే కొద్ది రూపాయలు, లేకుంటే వట్టి ఓదార్పు. 2018 ఆగస్టులో అదే గూగుల్ పే అయింది. 2019 దీపావళికి వారొక ఆట పెట్టారు. దీపం, పువ్వు, జుంకా, లాంతరు, రంగోలి అనే అయిదు ముద్రలు కూడబెట్టినవారికి 251 రూపాయలు. రంగోలి ముద్ర ఒక పట్టాన దొరికేది కాదు. చదువుకున్న పెద్దలు సైతం దానికోసం మిత్రులను బతిమాలారు. అగ్గిపెట్టె బొమ్మలు పోగుచేసిన మా తరం బాల్యమూ ఇటువంటిదే. ఉపాధ్యాయునికి ఈ కిటుకు కొత్త కాదు. పిప్పరమెంటు ఇస్తే పిల్లవాడు మరునాడు బడికి వస్తాడు. పిప్పరమెంట్లు అయిపోయిన నాడు వాడిని కూర్చోబెట్టవలసింది పాఠమే.

మరి ఇక్కడ జనాన్ని కూర్చోబెట్టిన పాఠమేది? మా ఊరి టీకొట్టు ముందు కాసేపు నిలబడితే తెలుస్తుంది. బల్లకు అతికించిన ఒక్క గళ్ళబొమ్మకు ఏ యాప్‌తోనైనా సొమ్ము చెల్లించవచ్చును. 2020 జనవరి 1 నుండి ఇటువంటి చెల్లింపులపై వ్యాపారి నుండి బ్యాంకు రుసుము పట్టుకోరాదన్నారు. అందువల్ల పది రూపాయల టీకి పది రూపాయలూ దక్కుతున్నాయి. చిల్లర తగవు లేదు. అన్నిటికన్న మిన్న, ఎంత సొమ్ము చేరిందో తెలుగులో పలికే చిన్న డబ్బా. చేతులు పాలగిన్నె మీదున్నా, అక్షరం రాకపోయినా, చెవి ఉంటే చాలు. బెంగుళూరులో పనిచేసే కొడుకు పంపిన సొమ్ము కళ్ళం దగ్గరున్న తండ్రికి అప్పటికప్పుడే చేరుతున్నది. 2019 అక్టోబరులో నెలకు 100 కోట్లు దాటిన యూపీఐ లావాదేవీలు 2023 ఆగస్టులో 1,000 కోట్లు, 2025 ఆగస్టులో 2,000 కోట్లు దాటాయి.

భాషాపండితుడిగా నాకు మరొక గుర్తు కనబడుతున్నది. "ఫోన్‌పే కొట్టన్నా" అంటున్నారు జనం. చేతిలో ఉన్నది ఏ యాప్ అయినా సరే. నామవాచకం వారి నాలుకమీద క్రియగా మారింది. ప్రకటనలతో పేరును వినిపించవచ్చును గాని, దానిని క్రియగా మార్చగలిగినది నిత్యం చేసే పని ఒక్కటే.

నెల్లూరు జిల్లా మెట్టప్రాంతానికి ఈ సత్యం ముందే తెలుసు. 1991లో జిల్లాలో "అక్షరదీపం" పేరిట సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. ఊరేగింపులు, కళాజాతాలు అప్పుడూ ఉన్నాయి. కాని పగలంతా కూలికి పోయి వచ్చిన స్త్రీలు రాత్రి లాంతరు ముందు కూర్చున్నది వాటికోసం కాదు. వాచకంలోని సీతమ్మ కథలో వారి కాపురాలే కనబడ్డాయి. సారాయి పోసిన చిచ్చు కనబడింది. మాకు దూరం కాని కలిగిరి మండలంలోని దూబగుంట స్త్రీలు సారాయిని ఊరినుండి తరిమారు. వారి కథే తరువాతి వాచకంలో పాఠమై ఊరూరా నిప్పు రాజేసింది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలోనూ, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాయి నిషేధమైంది. ఆ స్త్రీలే "పొదుపు లక్ష్మి" సంఘాలలో రోజుకొక రూపాయి దాచుకున్నారు. వారికి ఏ గీకుడు కార్డూ ఎవరూ ఇవ్వలేదు. నేర్చినది తమ పనికి వచ్చింది. దాచినది తమదిగా ఉన్నది. అందువల్ల నిలిచారు.

అయితే నిలబెట్టడం వేరు, కట్టిపడేయడం వేరు. నేడు సొమ్ము పంపడానికి తెరిచిన తెరమీదనే అప్పు ఇస్తామంటూ, బంగారం కొనమంటూ పిలుపులు కనబడుతున్నాయి. అక్షరం రాని అవ్వ తన ఫోనునూ, రహస్యసంఖ్యనూ మనుమడి చేతికో, పొరుగువాడి చేతికో ఇవ్వవలసి వస్తున్నది. సొమ్ము ఇస్తామని నమ్మించి, ఆమె చేత సంఖ్య నొక్కించి ఖాతా ఊడ్చేవారున్నారు. సొమ్ము రావడానికి ఆ సంఖ్యతో పనే లేదన్న ఒక్క మాట తెలిస్తే ఎందరో బయటపడేవారు. వ్యక్తుల మధ్య సొమ్ము కోరుతూ పంపే అభ్యర్థనల పద్ధతిని 2025 అక్టోబరు 1 నుండి ఎత్తివేయడం మంచి పని. మామూలు బొత్తాల ఫోను ఉన్నవారికోసం 2022 మార్చి 8న మొదలైన విధానమూ మంచిదే. కాని దానిని వాడేవారు మా బజారులో నాకు తారసపడలేదు. నేర్పేవారు లేనిచోట మేలైన వస్తువు కూడా పెట్టెలోనే ఉండిపోతుంది.

కావున యాప్ విడుదల నాటి సభనూ, దించుకున్నవారి లెక్కనూ చూసి మురియవద్దు. అక్షరం రాని మనిషి ఒకరు, ఇంకొకరి సాయం లేకుండా, మోసపోతాననే జంకు లేకుండా, తన కూలి సొమ్మును తానే పంపి తానే అందుకొన్న నాడు అది నిజమైన అనువర్తనం. అంతవరకు ఆరంభశూరత్వమనే నిందను మన జనం మీద మోపడం న్యాయం కాదు.