సమాన గడుల్లో వాలు అక్షరం

వెనిస్‌లో అచ్చుకూటం నడిపిన ఆల్డస్ మనూషియస్ 1501లో వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే పుస్తకంగా వెలువరించినప్పుడు, ఇటలీ పండితుల వడివడి చేతిరాతను అనుసరించి ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన టైపును అందులో వాడాడు. తరువాత ఇటాలిక్‌గా పేరుపొందిన ఆ టైపులో చిన్న అక్షరాలు మాత్రమే వాలుగా ఉండేవి, పెద్ద అక్షరాలు నిటారుగానే నిలిచేవి. మొదట పుస్తకమంతటా వాడిన ఈ వాలు అక్షరం క్రమంగా నిటారు అక్షరాల నడుమ ఒక మాటను వేరుపరచి చూపే పనికి పరిమితమైంది.

ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు కేటాయించే మోనోస్పేస్ పద్ధతి టైప్‌రైటర్‌తో వ్యాప్తిలోకి వచ్చింది. 1874లో అమెరికాలో రెమింగ్టన్ సంస్థ అమ్మకానికి పెట్టిన షోల్స్ యంత్రంలో ఏ మీట నొక్కినా కాగితం ఒకే దూరం జరిగేది కనుక, సన్నని 'ఐ'కీ వెడల్పాటి 'ఎమ్'కీ ఒకే కొలత గడి దక్కేది. కొసల్లో అడ్డగీతలు, అంటే సెరిఫ్‌లు, ఉన్న టైపులో ఆ గీతలే 'ఐ' చుట్టూ ఖాళీని పూరించేవి. అవి లేని శాన్స్ టైపులో ఆ వెలితి కొట్టొచ్చినట్టు కనిపించేది. ఐబీఎమ్ కోసం రోజర్ రాబర్సన్ రూపొందించిన లెటర్ గోథిక్ శాన్స్ టైపే. మామూలు టైప్‌రైటర్‌లో అక్షరాలు మార్చే వీలు లేక మాట కింద గీత గీయడమే ఇటాలిక్‌కు బదులుగా చెల్లింది. 1961లో వచ్చిన ఐబీఎమ్ సెలెక్ట్రిక్ యంత్రంలో అక్షరాలు చెక్కిన గుండును మార్చుకునే వీలు కలగడంతో ఆ కొరత తీరింది.

కంప్యూటర్ తెరపై ఇటాలిక్ కొరత మళ్లీ తలెత్తింది. కొద్దిపాటి చుక్కలతో అక్షరాన్ని కూర్చే తొలి తెరల మీద వాలుగీత మెట్లుమెట్లుగా విరిగిపోయేది కాబట్టి, ప్రోగ్రాములు రాసేవారు చాలాకాలం నిటారు అక్షరాలతోనే సరిపెట్టుకున్నారు. తెరల నాణ్యత పెరిగాక, లూకాస్ డి గ్రూట్ రూపకల్పన చేయగా 2007లో విండోస్ విస్టాతో పాటు జనానికి అందిన కన్సోలాస్ వంటి టైపులు ఇటాలిక్‌ను వెంట తెచ్చాయి. అడోబీ వారి సోర్స్ కోడ్ ప్రోకు 2015లో ఇటాలిక్ జతపడగా, 2016లో వచ్చిన ఆపరేటర్ మోనో చేతిరాత ఒరవడిని మరింత ముందుకు తీసుకుపోయింది.

వాలు అక్షరాన్ని రూపొందించడానికి రెండు మార్గాలున్నాయి. నిటారు అక్షరాన్నే పక్కకు వంచితే అది ఆబ్లిక్ అవుతుంది. చేతిరాత పోకడతో అక్షరాన్ని కొత్తగా గీస్తే నిజమైన ఇటాలిక్ అవుతుంది. రెండో మార్గంలో 'ఎఫ్' తోక అక్షరాల పంక్తి కిందికి దిగుతుంది, 'ఐ', 'ఎల్' అక్షరాల కాళ్లు వంపు తిరిగి గడిలోని వెలితిని నింపుతాయి. సెరిఫ్‌లు చేసిన పనిని శాన్స్ టైపులో ఈ వంపులు చేస్తాయి. కోడ్‌లో యంత్రం పట్టించుకోని, మనుషుల కోసమే రాసే వ్యాఖ్యలను ఇటాలిక్‌లో చూపడం నేడు సాధారణమైంది. అయితే సున్నాకూ 'ఓ'కూ, ఒకటికీ 'ఎల్'కూ తేడా చెరిగిపోతే ఒక్క అక్షరం పొరపాటుతో ప్రోగ్రామంతా ఆగిపోగలదు గనుక, ఇటువంటి టైపుకు అందం కన్నా స్పష్టతే గీటురాయి.