యెన్ విలువ - జపాన్ పర్యాటకం

మారకం రేటు విదేశయానాన్ని ఎంతగా మార్చగలదో చెప్పడానికి ఇటీవలి కాలంలో జపాన్‌ను మించిన ఉదాహరణ లేదు. 2011 అక్టోబరులో డాలరుకు సుమారు 75 యెన్లే వచ్చేవి; 2024 జులైలో 161 దాటాయి. 1986 తర్వాత యెన్ అంతగా పడిపోవడం అదే మొదలు. 2022 నుంచి అమెరికా వడ్డీ రేట్లు వేగంగా పెంచుతూ పోగా జపాన్ సున్నా దగ్గరే ఆగింది. ఎక్కువ వడ్డీ కోసం సొమ్ము డాలర్ల వైపు తరలింది.

టోక్యోలో రోజుకు 10,000 యెన్ల హోటల్ గదినే తీసుకుందాం. 2012 ప్రాంతంలో దానికి అమెరికా పర్యాటకుడు 125 డాలర్లు చెల్లించాల్సి వచ్చేది. 2024 జులైలో 62 సరిపోయాయి. భారతీయుడికి మాత్రం సుమారు 6,700 రూపాయల నుంచి 5,200కే తగ్గింది. కారణం, ఈలోగా రూపాయి కూడా డాలరుకు 53 నుంచి 83కి జారడం. మనవాళ్లు చూసుకోవలసింది డాలరు రేటు కాదు, రూపాయి-యెన్ రేటు.

2024లో జపాన్‌కు 3.68 కోట్ల మంది విదేశీయులు వచ్చారు, అప్పటికది రికార్డు. అయితే చవకంతా ప్రయాణికుడికే దక్కలేదు: విదేశీ పర్యాటకుల ఏడు రోజుల రైలు పాస్ 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000కు పెరిగింది. జపనీయులకైతే పరదేశ ప్రయాణమే భారమైంది. 2019లో రెండు కోట్లు దాటిన వారి విదేశ ప్రయాణాలు 2024లో 1.3 కోట్ల దగ్గరే ఆగాయి.

జపాన్ వెళ్లాక దుకాణంలో కార్డు యంత్రం "యెన్లా, రూపాయలా" అని అడిగితే యెన్లు ఎంచుకోవడమే సాధారణంగా లాభం; రూపాయలంటే వ్యాపారి వైపు బ్యాంకు తన రేటు వేసుకుంటుంది.