దోమలగూడలో దక్కను కళానిధి: జగదీష్, కమలా మిత్తల్ భారతీయ కళా మ్యూజియం

హైదరాబాదు కళాసంపద అనగానే సాలార్‌జంగ్ మ్యూజియం స్ఫురణకు వస్తుంది. గాంధీనగర్, అశోక్‌నగర్ ప్రాంతాలకు చేరువలో, దోమలగూడ గగన్‌మహల్ రోడ్డులో మరొక విశిష్ట సంస్థ ఉన్నది. అదే జగదీష్, కమలా మిత్తల్ భారతీయ కళా మ్యూజియం. దీనిని నవాబులు గాని, ప్రభుత్వం గాని నెలకొల్పలేదు. చిత్రకారులైన దంపతులు తమ జీవితకాల సేకరణను ప్రజలకు అప్పగించగా ఏర్పడిన సంస్థ ఇది.

నేపథ్యం

శ్రీ జగదీష్ మిత్తల్ 1925లో జన్మించారు. శాంతినికేతన్‌లోని కళాభవన్‌లో చిత్రకళను అభ్యసించారు. శ్రీమతి కమల కూడా అక్కడి విద్యార్థినియే. సాహితీపోషకులు శ్రీ బద్రీవిశాల్ పిత్తీ ఆహ్వానంపై ఈ దంపతులు 1951లో హైదరాబాదుకు వచ్చి స్థిరపడ్డారు. సాలార్‌జంగ్ మ్యూజియం ప్రారంభమైనది కూడా ఆ సంవత్సరమే. సంస్థానం విలీనమైన తరువాత పాత కుటుంబాల వస్తువులు చేతులు మారుతున్న ఆ రోజులలో, వాటి విలువను గుర్తెరిగి వీరు సేకరించారు. 1976లో ట్రస్టును ఏర్పాటు చేసి సేకరణను దానికి సమర్పించారు. శ్రీ మిత్తల్‌కు 1990లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

సేకరణలు

దక్కనీ, మొఘల్, రాజస్థానీ, పహాడీ శైలుల లఘుచిత్రాలు, రేఖాచిత్రాలు, వస్త్రాలు, కంచు విగ్రహాలు, బిద్రీ పాత్రలు ఇందులో ముఖ్యమైనవి. బిద్రీ పనిలో జింకు ప్రధానంగా, కొద్దిపాటి రాగి కలిపి పాత్రను పోతపోస్తారు. దానిపై నగిషీ చెక్కి వెండిని పొదుగుతారు. బీదరు కోట మట్టి, నవాసారం కలిపిన ద్రావణం తగిలినపుడు లోహం నల్లబారి, వెండి మాత్రం మెరుస్తుంది.

తెలంగాణ నకాషీ పటాలకు ఈ సేకరణలో ప్రత్యేక స్థానం ఉన్నది. పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథను కాకిపడగలవారు ఇట్టి పటాలను ప్రదర్శిస్తూ గానం చేసేవారు. జీర్ణించిన పటాన్ని శాస్త్రోక్తంగా నదిలో నిమజ్జనం చేయడం ఆచారం. అందువలన ప్రాచీన పటాలు బహు అరుదుగా మిగిలాయి. నేడు చేర్యాలలో కొద్ది కుటుంబాలే ఈ కళను కొనసాగిస్తున్నందున, భద్రపరచిన ప్రతి పటమూ ఆయా కులాల చరిత్రకు, నకాషీల పనితనానికి ఆధారమే.

ప్రదర్శనలు, ప్రచురణలు

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2015లో నిర్వహించిన దక్కన్ సుల్తానుల కళాప్రదర్శనకు ఈ మ్యూజియం కళాఖండాలను అందించింది. 2007లో ఎంపిక చేసిన కళాఖండాలపై, 2011లో బిద్రీ పనిపై, 2014లో దక్కనీ పటచిత్రాలపై గ్రంథాలు వెలువడినాయి. న్యూయార్క్ వరకు వెళ్లలేని పాఠకునికి, పరిశోధకునికి ఈ గ్రంథాలే ప్రదర్శనశాలలు.

కర్తవ్యం

శ్రీమతి కమల 2012లోను, శ్రీ జగదీష్ 2025 జనవరిలోను కన్నుమూశారు. కాగితం, రంగు, నూలు వెలుతురుకు, తేమకు త్వరగా చెడిపోతాయి కనుక వాటి పరిరక్షణ ఒక తరంతో ముగిసే పని కాదు. పటం ఏ సమాజం కథను చెప్పినదో ఆ సమాజానికి, దానిని చిత్రించే చేర్యాల కళాకారులకు, నగరంలోని పాఠశాలల విద్యార్థులకు ఈ సంపదను చేరువ చేసినపుడే దాతల ఆశయం నెరవేరుతుంది.