మందకు, పొలానికి కాపలా కుక్క: జాతి ఎంపిక, శిక్షణ, యాజమాన్యం

గొర్రెలు, మేకలు, నాటుకోళ్లు పెంచే చిన్న రైతుకు కుక్క సరదా కోసం కాదు, అవసరం. ఊరకుక్కల గుంపు ఒక్క రాత్రి దొడ్లో పడి నాలుగైదు పిల్లలను కొరికి చంపితే ఆ ఏడాది మిగులు అక్కడే పోతుంది. నక్కలు, దొంగల బెడద దీనికి అదనం. అందుకే మంచి కాపలా కుక్క కావాలని రైతులు అడగడం సహజం.

అయితే ఇటీవల కొందరు యువ రైతులు ఫోన్‌లో వీడియోలు చూసి, వేల రూపాయలు పోసి పేరున్న జాతి పిల్లను తెచ్చుకుంటున్నారు. ఏడాది తిరిగేసరికి అది గొర్రెపిల్లలను తరుముతోందనో, ఎండకు నీడ వదిలి రావడం లేదనో వాపోతున్నారు. ఇందులో తప్పు కుక్కది కాదు. పనికి తగిన జాతిని ఎంచుకోకపోవడం, చిన్న వయసులో నేర్పవలసింది నేర్పకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు.

ముందు పని తేల్చుకోవాలి

పని కుక్కలను మూడు రకాలుగా చూడవచ్చు.

• మంద కాపలా కుక్కలు: ఇవి గొర్రెల మధ్యే ఉంటాయి, వాటిని తరమవు. కొత్త జంతువు గానీ మనిషి గానీ వస్తే ఎదురెళ్లి మొరుగుతాయి. హిమాలయ ప్రాంతపు గద్దీ, భోటియా కుక్కలు ఈ కోవకు చెందినవి. చిరుతలు మెడ పట్టకుండా అక్కడి కాపరులు వీటికి ఇనుప ముళ్ల పట్టీలు కడతారు.

• మందను తోలే కుక్కలు: వీడియోల్లో ఈల వేస్తే గొర్రెలను మళ్లించే బోర్డర్ కోలీ ఈ రకం. బ్రిటన్‌లో వీటికి పోటీలు కూడా ఉన్నాయి. వేల్స్‌లోని బాలాలో 1873లోనే ఇలాంటి పోటీ జరిగింది. ఈ కుక్కకు రోజంతా పని, నిపుణుడి శిక్షణ కావాలి. ఒత్తు బొచ్చు వల్ల మన ఎండలకు ఇబ్బంది పడుతుంది. యాభై గొర్రెలున్న రైతుకు ఇది అవసరం లేదు.

• వేట, పరుగు కుక్కలు: సన్నని నడుము, పొడవాటి కాళ్లు, చురుకైన చూపు వీటి లక్షణం. పరుగెత్తేది కనిపిస్తే వెంటపడటం వీటికి పుట్టుకతో వచ్చిన గుణం.

మన ప్రాంతానికి అనువైన జాతులు

కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ హౌండ్‌లను దేశీయ కుక్క జాతులుగా నమోదు చేసింది. ఈ మూడూ పొట్టి వెంట్రుకలవి. వేడిని తట్టుకుంటాయి.

ముధోల్ హౌండ్: కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ ప్రాంతానిది. చూపు, వేగం దీని బలం. విశాలమైన పొలానికి, తోటకు కాపలాగా బాగుంటుంది. పరుగు జాతి కాబట్టి గొర్రెలు, కోళ్ల దగ్గర చిన్నప్పటి నుంచే అలవాటు చేయకపోతే వాటి వెంటపడుతుంది.

రాజపాళయం: తమిళనాడులోని విరుదునగర్ జిల్లాకు చెందిన తెల్లని కుక్క. ఇంటికి, తోటకు గట్టి కాపలా. కొత్తవారిని దరి చేరనివ్వదు. ఈ జాతిలో కొన్ని పిల్లలు పుట్టుకతోనే చెవిటివి. కొనేముందు పిల్లకు కనబడకుండా వెనుక నుంచి చప్పట్లు కొట్టి చూడాలి. మిగతా పిల్లలు తల తిప్పినా ఇది కదలకపోతే తీసుకోవద్దు.

చిప్పిపారై: దక్షిణ తమిళనాడు మెట్ట ప్రాంతాలది. తేలికపాటి శరీరం, తక్కువ మేత. ఇది కూడా పరుగు జాతే కనుక ముధోల్‌కు చెప్పిన జాగ్రత్తలే వర్తిస్తాయి.

జొనంగి: మన ఆంధ్ర కుక్క. ఒంటికి అంటుకున్నట్టుండే పొట్టి వెంట్రుకలు దీని గుర్తు. కొల్లేరు పరిసరాల్లో బాతుల మందలను కాయడానికి, తోలడానికి దీన్ని వాడేవారు. బాతుల పెంపకం తగ్గి చేపల చెరువులు పెరిగాక ఈ కుక్కలూ అరుదయ్యాయి. స్వచ్ఛమైన పిల్ల దొరికితే వదులుకోవద్దు.

నాటు కుక్క: చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, మందకు అన్నిటికంటే చవకైన, నమ్మకమైన కాపలా ఇదే. మన తిండికి, ఎండకు అలవాటు పడినది. ఊళ్లో ఏ కాపరి మందలో మంచి ఆడ కుక్క పనిచేస్తోందో కనుక్కుని, దాని ఈతలోంచి పిల్లను తెచ్చుకోవడం మేలు. తల్లి గొర్రెల మధ్య ప్రశాంతంగా ఉంటే పిల్లలు కూడా ఆ అలవాటు త్వరగా నేర్చుకుంటాయి.

సైబీరియన్ హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి చలి దేశపు జాతులు మన పొలాలకు పనికిరావు. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్‌లలో తుంటి కీలు సమస్య తరచుగా వస్తుంది. ఖర్చు భరించలేని రైతు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

పిల్లను ఎంచుకునేటప్పుడు

• ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి వేరు చేయకూడదు. మరీ ముందు తెచ్చిన పిల్ల కరవడంలో అదుపు నేర్చుకోదు.
• తల్లిని తప్పక చూడాలి. తల్లి పిరికిదైనా, అకారణంగా మీద పడేదైనా ఆ పిల్ల వద్దు.
• కళ్లు, ముక్కు శుభ్రంగా ఉండాలి. విరేచనాల మరకలు, ఉబ్బిన పొట్ట ఉండకూడదు. ఉబ్బిన పొట్ట ఏలిక పాములకు గుర్తు.
• ఈతలో అందరికంటే ముందు మీదికి దూకేదాన్ని గానీ, మూలన నక్కేదాన్ని గానీ కాకుండా, కాస్త ఆగి చూసి దగ్గరకు వచ్చే పిల్లను ఎంచుకోవాలి.

గొర్రెలతో అలవాటు చేయడం

కుక్కపిల్ల మూడు వారాల నుంచి మూడు, నాలుగు నెలల వయసు వరకు ఎవరితో కలిసి పెరుగుతుందో వారినే తనవారిగా భావిస్తుంది. మంద కాపలా కుక్క తయారయ్యేది ఈ రోజుల్లోనే. ఈ వయసు దాటాక ఎంత కష్టపడినా ఫలితం సగమే.

• తెచ్చిన రోజు నుంచే దొడ్డిలో ఒక మూల తడిక కట్టి, గొర్రెలు కనిపించేలా, వాసన తగిలేలా పిల్లను ఉంచాలి. రాత్రి పడక కూడా అక్కడే.
• మొదట రెండు మూడు నెమ్మదైన పెద్ద గొర్రెలతో కలపాలి. అవి ఒకటి రెండుసార్లు తలతో పొడిస్తే పిల్లకు మర్యాద తెలుస్తుంది. గాయమయ్యేలా ఉంటే వెంటనే తప్పించాలి.
• ఇంట్లో పిల్లలు దీన్ని ఎత్తుకుని తిప్పకుండా చూడాలి. మచ్చిక ఉండాలి, కానీ మనసు మంద మీదే ఉండాలి.
• నాలుగు నెలల నుంచి ఏడాది దాటే వరకు ఆట కోసం గొర్రెపిల్లలను తరమడం, చెవులు, ఉన్ని పీకడం సాధారణం. ఈ వయసులో ఒంటరిగా వదలకూడదు. మెడకు పొడవైన తాడు కట్టి, తరమబోగానే తాడు ఆపి "వద్దు" అనాలి. ఆగగానే మెచ్చుకోవాలి.
• ఈనిక సమయంలో కుక్క కొత్త పిల్లల దగ్గర ఎలా ఉంటుందో దగ్గరుండి చూడాలి. ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చేదాకా పూర్తి బాధ్యత అప్పగించవద్దు.

మాట వినేలా శిక్షణ

"రా", "ఆగు", "వద్దు", "కూర్చో" అనే నాలుగు మాటలు చాలు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఒకరు "రా" అని, మరొకరు "ఇటు" అని పిలిస్తే కుక్కకు అయోమయం.

• పూటకు ఐదు నిమిషాల చొప్పున, రోజుకు రెండు మూడు సార్లు, ఆకలిగా ఉన్నప్పుడు నేర్పాలి.
• చెప్పిన పని చేసిన క్షణంలోనే చిన్న రొట్టె ముక్కో, ఉడికించిన మాంసం ముక్కో ఇవ్వాలి. ఆలస్యమైతే ఎందుకిచ్చారో దానికి తెలియదు.
• "రా" అని పిలిచి దగ్గరకు వచ్చాక ఎన్నడూ కొట్టకూడదు. ఒక్కసారి కొడితే మళ్లీ పిలిచినప్పుడు రాదు.
• మొదట దొడ్లో, తర్వాత పొలంలో, చివరగా మంద ఉన్నచోట నేర్పాలి.

పచ్చిమిరపకాయలు తినిపిస్తే, చీకటి గదిలో కట్టేస్తే పౌరుషం వస్తుందనేది అపోహ. మిరపతో కడుపు పాడవుతుంది. చీకట్లో కట్టేసిన కుక్క భయంతో మన ఇంటివారినే కరుస్తుంది.

పరుగు, ఆటలు

పరుగు జాతులకు రోజూ వ్యాయామం తప్పనిసరి. తెల్లవారుజామున లేదా పొద్దుగూకాక, కంచె ఉన్న చోట గుడ్డ ముక్కను తాడుకు కట్టి లాగి తరిమించవచ్చు. వస్తువు దాచి వాసనతో వెతికించడం, చిన్న అడ్డంకులు దాటించడం కూడా మంచి ఆటలు. మధ్యాహ్నపు ఎండలో పరిగెత్తిస్తే వడదెబ్బకు ప్రాణం పోవచ్చు. ఎముకలు గట్టిపడే వరకు, అంటే ఏడాది నిండే వరకు ఎత్తు దూకించవద్దు.

కుందేళ్లను, ఉడుములను, అడవి పందులను కుక్కలతో వేటాడించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కుక్కల మధ్య పోట్లాటలు పెట్టడం 1960 జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. పైగా అడవి పంది కోరకు చిక్కిన కుక్క బతకడం కష్టం. పంట దగ్గర కుక్క పని మొరిగి మిమ్మల్ని లేపడమే గాని కలబడటం కాదు.

మేత

మూడు నెలల వరకు రోజుకు నాలుగు సార్లు, ఆరు నెలల వరకు మూడు సార్లు, తర్వాత రెండు సార్లు పెట్టాలి. రాగి లేదా జొన్న సంకటి, అన్నంతో పాటు గుడ్డు, ఉడికించిన మాంసం వ్యర్థాలు, మజ్జిగ కలపాలి. ఉత్త అన్నం, పులుసుతో పెంచితే కాళ్లు వంకర పోతాయి. ఉల్లిపాయలు, చాక్లెట్, ద్రాక్ష, ఉడికించిన కోడి ఎముకలు పెట్టకూడదు.

మందకు కుక్క నుంచి వచ్చే జబ్బు

కాపరులు ఎక్కువగా పట్టించుకోని విషయం ఇది. గొర్రెను కోసినప్పుడు, చచ్చినప్పుడు తలకాయ, కాలేయం, ఊపిరితిత్తులను పచ్చిగా కుక్కకు పడేస్తారు. వాటిలో నీటి బుడగలు ఉంటే కుక్క పేగుల్లో బద్దె పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క పెంటతో గడ్డి మీద పడి మళ్లీ గొర్రెకు చేరతాయి. ఒక రకం పురుగు గొర్రె మెదడులో బుడగై, తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరిగే గిడ్ వ్యాధిని కలిగిస్తుంది. మరొక రకం కాలేయం, ఊపిరితిత్తుల్లో బుడగలు కడుతుంది. కుక్కను తాకిన చేతుల ద్వారా ఇది మనిషికీ సోకుతుంది. మనిషిలో బుడగ పెద్దదైతే ఆపరేషన్ దాకా వెళ్లవచ్చు.

• పచ్చి తలకాయ, అవయవాలు కుక్కకు వేయరాదు. బాగా ఉడికించి పెట్టాలి, లేదా లోతుగా పూడ్చాలి.
• పశువైద్యుని సలహాతో కిలో బరువుకు 5 మి.గ్రా. చొప్పున ప్రాజిక్వాంటెల్ మందు కనీసం మూడు నెలలకోసారి తాగించాలి. పచ్చి అవయవాలు తినే అవకాశం ఉంటే ఆరు వారాలకోసారి. అన్ని నట్టల మందులూ బద్దె పురుగులపై పనిచేయవు.
• కుక్కను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

టీకాలు, ఇతర జాగ్రత్తలు

• ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకా మొదలుపెట్టి, పదహారు వారాల వరకు మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి.
• మూడు నెలలకు రేబిస్ టీకా, నెల తర్వాత బూస్టర్, ఆపై ఏటా ఒకసారి. జులై 6న జంతు సంక్రమిత వ్యాధుల దినోత్సవం సందర్భంగా పశువైద్యశాలల్లో జరిగే ఉచిత టీకా శిబిరాలను వినియోగించుకోవాలి.
• పిడుదులకు మందు మోతాదును పశువైద్యుడే నిర్ణయించాలి. గొర్రెలకు వాడే ఐవర్‌మెక్టిన్‌ను అంచనాగా కుక్కకు ఇవ్వడం ప్రమాదకరం.
• పొలంలో ఎలుకల మందు పెట్టిన రోజుల్లో కుక్కను కట్టేయాలి. చచ్చిన ఎలుకలను పూడ్చాలి. తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడక మందు ప్యాకెట్‌తో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే ధారగా పడే నీళ్లు, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసర్లు పెట్టకూడదు, కట్టు కట్టకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ పూర్తి చేయాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. పిచ్చికుక్క పశువును కరిచినా అదే రోజు పశువైద్యుణ్ణి సంప్రదిస్తే టీకా వేస్తారు.

మీ కుక్క దారిన పోయేవారిని కరిస్తే బాధ్యత మీదే. నిర్లక్ష్యంగా వదిలితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. దారి పక్కన పొలం ఉన్నవారు కంచె వేసుకోవాలి, లేదా పగలు కట్టి ఉంచాలి.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసినవి

మందకు నాటు కుక్క లేదా కాపరి మందలో పుట్టిన పిల్ల, తోటకు, ఇంటికి రాజపాళయం లేదా ముధోల్ అనువైనవి. మొదటి నాలుగు నెలలు గొర్రెల మధ్యే పెంచాలి. పచ్చి తలకాయ వేయకూడదు. రేబిస్ టీకా, బద్దె పురుగుల మందు తప్పకూడదు. ఈ నాలుగూ పాటిస్తే కుక్క మీ మందకు ఏళ్ల తరబడి అండగా ఉంటుంది. సందేహాలుంటే మీ మండల పశువైద్యాధికారిని గానీ, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ణి గానీ సంప్రదించండి.