స్వద్రవ్యముతో వెలసిన బాలగ్రంథము

ఏటేట మన మహాసభా సంచికయందు కులపూర్వ వృత్తాంతములును, దాతల చరిత్రములును ప్రకటించుట వాడుక. ఈ పర్యాయము పద్మశాలీయ సోదర సోదరీమణులకు ఆంగ్లదేశపు రచయిత్రి యొకతె తన చిన్నపుస్తకమును తానే యచ్చొత్తించుకొనిన వృత్తాంతమును విన్నవింప దలచితిమి. ఇది మనకేల యని కొందరడుగవచ్చును. మన సంఘమున ఉపాధ్యాయులును, గృహిణులును శిశువులకై వ్రాసిన కథలు పెక్కులు వ్రాతప్రతులుగనే పెట్టెలలో పడియున్నవి. వానిని వెలికి దెచ్చుటకు ఎట్టి సాయము కావలయునో యీ చరిత్రము వలన కొంత తెలియును.

ఆ రచయిత్రి పేరు బియాట్రిక్సు పాటరు. 1866వ సంవత్సరము జూలై 28వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆమె పితామహుడు ఎడ్మండు పాటరు గ్లాసపు పట్టణము చెంత యంత్రములతో నూలుబట్టలపై అద్దకము వేయించి ఐశ్వర్యవంతుడయ్యెను, మాతామహుడును నూలువర్తకుడే. అట్టి యంత్రవస్త్రములు మన మగ్గములకును, మచిలీపట్టణపు అద్దకములకును చేసిన కీడు ఈ సభాసదులకు మేము చెప్పనక్కరలేదు. ఐనను తాతల వ్యాపారమునకు మనుమరాలిని నిందించుట న్యాయము గాదు. ధనికగృహమున పుట్టియు ఆమెకు స్వాతంత్ర్యము స్వల్పము. పాఠశాలకు పంపరైరి. శిలీంధ్రములను గూర్చి ఆమె వ్రాసిన శాస్త్రవ్యాసము 1897లో లిన్నియన్ సొసైటీకి సమర్పింపబడినపుడు, స్త్రీలకు ఆ సభలో ప్రవేశము లేనందున, అది ఆమె పరోక్షముననే జరిగెను.

ఆమెకు జర్మను భాష నేర్పిన ఆనీ కార్టరు అను ఉపాధ్యాయిని తరువాత వివాహమాడి మూరు వారి గృహిణి యయ్యెను. ఆ యిల్లాలి జ్యేష్ఠపుత్రుడైన నోయెలు అయిదేండ్ల ప్రాయమున వ్యాధిగ్రస్తుడై యుండగా, 1893 సెప్టెంబరు 4వ తేదీన పాటరు స్కాట్లండు దేశమునందలి డంకెల్డు సమీపమునుండి నాలుగు కుందేటిపిల్లల కథను బొమ్మలతో గూడ నొక జాబుగా వ్రాసి పంపెను. ఏడేండ్లు గడచిన పిమ్మట ఆ తల్లియే యీ జాబులను పుస్తకములుగా చేయరాదా యని హితవు చెప్పెను. బాలుడు జాబును పదిలపరచియుండుటచే దానిని ఎరువు తెచ్చుకొని, కథను పెంచి, క్రొత్త బొమ్మలు వ్రాసికొనెను. గ్రంథమునకు తొలిసాయము ఇదియే. దీనికి దమ్మిడీ వ్యయము కాలేదు.

వ్రాతప్రతిని కనీసము ఆఱుగురు ప్రకాశకులు త్రిప్పిపంపిరి. వారికి పెద్ద పరిమాణపు పుస్తకమును, రంగుల బొమ్మలును కావలెను. పాటరు పట్టుదల వేఱు. పుస్తకము పసివారి చేతిలో ఇముడవలెను, వెల పసివారి పెద్దలకు అందవలెను. కుందేలు వన్నెయు ఆకువన్నెయు తప్ప వేఱు వర్ణములు లేని కథకు రంగులు శోభింపవనియు, వ్యయమధికమనియు ఆమె తలంపు. ఎవ్వరును ఒప్పుకొనకపోగా తాను కూడబెట్టుకొనిన ధనమును వెచ్చించి, 1901 డిసెంబరు నెలలో లండనులోని స్ట్రేంజ్‌వేస్ ముద్రాక్షరశాలలో 250 ప్రతులు అచ్చు వేయించెను. ముఖచిత్రమొక్కటి రంగులది, తక్కినవి నల్లగీతల బొమ్మలు.

ఇచట పాఠకులు గమనింపవలసిన దొకటి కలదు. ఆమె కొన్ని ప్రతులను బంధుమిత్రులకు కానుకగా నిచ్చినను, తక్కినవానిని షిల్లింగు రెండు పెన్నీల చొప్పున విక్రయించెను. మన ప్రాంతములలో దాత వ్యయము భరించిన పుస్తకమునకు దాత ఛాయాపటము ముందుండును, ప్రతులన్నియు ఉచితముగ పంచబడును, చదివినవాడు మాత్రము కానరాడు. వెలయిచ్చి కొన్నవాడు చదువును; చదివి మఱియొకనికి చెప్పును. పాటరు పుస్తకము అట్లే ప్రచారమయ్యెను. షెర్లాకు హోమ్సు కథలు వ్రాసిన కానన్ డాయిలు సైతము తన బిడ్డలకై ఒక ప్రతి సంపాదించెను. కొలది వారములలో ప్రతులు చెల్లిపోగా 1902 ఫిబ్రవరిలో మఱి 200 ముద్రింపవలసివచ్చెను. మన భాషలోను 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మొదలగువారు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చందాదారుల యండతోనే గ్రంథములను వెలువరించెను గదా.

ఇంతలో మఱియొక మిత్రుడు పూనుకొనెను. ఆయన రాన్స్‌లీ అను క్రైస్తవాచార్యుడు. 1895లో స్థాపితమైన నేషనల్ ట్రస్టు స్థాపకులలో నొకడు. బాలురకు నీతిపద్యములు ప్రకటించినవాడు. ఆయన కుందేటికథను తానే పద్యములుగా మార్చి, పూర్వము నిరాకరించిన ఫ్రెడరిక్ వార్ను సంస్థకే మరల పంపెను. ఆ పద్యముల విషయమున మాకు సానుభూతి తక్కువ, సంస్థవారికిని అంతే. వచనమే మేలనియు, బొమ్మలన్నిటికి రంగులు వేసిన యెడల ప్రకటింతుమనియు వారు చెప్పిరి. మిత్రుని కవిత్వము చెల్లకపోయినను ఆయన సిఫారసు తలుపు తెఱచినది. పాటరు రంగులకు సమ్మతించెను. 1902 అక్టోబరులో 8,000 ప్రతుల తొలిముద్రణము వెలువడెను. సంవత్సరాంతమునకు అచ్చయిన ప్రతులు 28,000.

హక్కుల మాట కొంత చెప్పవలెను. 1898లో మన చెన్నపట్టణమున కాపురమున్న హెలెన్ బానర్మన్ అను దొరసాని, తన బిడ్డలకై వ్రాసిన చిన్నపుస్తకమును లండనునకు పంపగా, హక్కు సర్వము అయిదు పౌనులకు అమ్ముడుపోయెను. 1899లో వెలువడిన ఆ పుస్తకము విస్తారముగ చెల్లినను, దానిలోని పేరులును బొమ్మలును నల్లజాతివారికి అవమానకరములని నేడు లోకము నిరసించుచున్నది. ఆ దోషమటుండగా, హక్కు పోగొట్టుకొనిన రచయిత్రికి తన బొమ్మలపై అధికారము నిలువలేదు. పాటరు తన గ్రంథహక్కును గూర్చి ముందే విచారించుకొనెను. ఐనను అమెరికాలో హక్కును నమోదు చేయించుటలో వార్ను సంస్థ ఏమఱుటచే ఆ దేశమున దొంగముద్రణలు పుట్టెను. వానివలన ఆమెకు చిల్లిగవ్వ రాలేదు. 1903లో కుందేటిబొమ్మను తానే గుడ్డతో కుట్టి లండనులో నమోదు చేయించెను.

ప్రకాశకుడు లభించినను ఆమె స్వయముద్రణమును వెంటనే విడువలేదు. గ్లాస్టరు నగరపు దర్జీవాని కథను, అందలి పాటలు తగ్గింపబడునను శంకచే, 1902 డిసెంబరులో 500 ప్రతులు సొంతముగ ముద్రించుకొనెను. నోయెలు చెల్లెలు ఫ్రెడాకు పండుగకానుకగా వ్రాసిన కథ యది. మఱుసటి యేట వార్ను వారు దానిని ప్రకటించిరి.

ఆదాయముతోను, బంధువు వలన వచ్చిన సొమ్ముతోను 1905లో హిల్‌టాప్ అను వ్యవసాయక్షేత్రమును కొనెను. క్రమముగ భూములు పెరిగెను. 1943 డిసెంబరు 22న మరణించునప్పటికి నాలుగువేల యెకరములకు పైబడిన భూమిని నేషనల్ ట్రస్టునకు, అనగా రాన్స్‌లీ మున్ను నెలకొల్పిన సంస్థకే, వ్రాసియిచ్చెను. రాన్స్‌లీ 1920లోనే గతించెను. మూరు వారి బిడ్డలు దాచియుంచిన జాబులలో నోయెలు జాబొక్కటియే కాదు, అతని తమ్ముడు ఎరిక్‌కు వచ్చిన కప్ప కథయు, చెల్లెలు నోరాకు వచ్చిన ఉడుత కథయు తరువాత పుస్తకములై వెలువడెను.