లెక్కలోకి రాని ఆకు: అనంతపురం చలికాలపు కంచం

అనంతపురం పల్లెల్లో చలికాలపు రాత్రి భోజనాన్ని మూడు మాటల్లో చెప్పొచ్చు: సంగటి, పుల్లగూర, ఊరుబిండి. పాలు, పెరుగు, నెయ్యి ఏవీ ఉండవు. ఇదే కంచానికి హైదరాబాదులోనో బెంగళూరులోనో ‘వీగన్’ అని పేరు పెట్టి మెనూలో రాస్తే ముచ్చటపడి తింటాం. కానీ ఆ పేరు ఈ కంచానికి అతకదు. ఇంట్లో పాడి ఉంటే పాలూ నెయ్యీ అమ్మకానికి పోయేవి. యాట కోసిన రోజు అందరూ సంతోషంగానే తిన్నారు. నియమం పెట్టుకుని ఎవరూ ఇలా తినలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఏమిచ్చిందో, అమ్ముకోగా ఇంట్లో ఏం మిగిలిందో అదే తిన్నారు.

ఈ కంచంలో గింజకి చరిత్ర ఉంది. ఆకుకి దాదాపు లేదు. ఎందుకు లేదో చూద్దాం.

మొదట పురావస్తు శాస్త్రం సంగతి. బళ్లారి దగ్గరి సంగనకల్లు, మన విడపనకల్లు మండలంలోని వేల్పుమడుగు లాంటి నవీన శిలాయుగపు ఊళ్ల మట్టిని డోరియన్ ఫుల్లర్ లాంటి పరిశోధకులు జల్లెడ పట్టి, నీళ్లలో తేల్చి, మాడిన గింజలు ఏరారు. దక్షిణాన దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటి సేద్యంలో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఉన్నాయని ఆ పనివల్లే తెలిసింది. పొయ్యిలో పడి మాడిన గింజ వేల ఏళ్లు నిలుస్తుంది. ఉడికిన ఆకు మర్నాటికి కూడా మిగలదు. ఆ ఉలవలతో పాటు వాళ్లు ఏ ఆకు వండుకున్నారో చెప్పే సాక్ష్యం మట్టిలో దొరకడం చాలా కష్టం.

సాక్ష్యం దొరికేది ఎవరూ ఊహించని చోట, ఒక చక్రవర్తి కావ్యంలో. 16వ శతాబ్ది తొలి దశకాల్లో శ్రీకృష్ణదేవరాయలు రాసిన ఆముక్తమాల్యదలో వానాకాలపు వర్ణన ఉంది. అందులో జడివాన పట్టిన రోజున పల్లెల్లో రెడ్లు ఏం తిన్నారో ఒక పద్యంలో చెప్తాడు. చెంచలి, గురుగు, తుమ్మి, లేత తగిరిస, చింతచిగురు కలిపి, నూనె వేసి వేయించిన కూర. పక్కన ఆరికల అన్నం. తిని, మేకల ఎరువు రాజేసిన కుంపటి దగ్గర మంచమెక్కారు. నెయ్యీ పాయసాలూ తెలిసిన రాజు పొలంగట్టున మొలిచే ఆకుల్ని పేరుపేరునా చెప్పాడు. పెనుకొండ ఆ రాజ్యానికి రెండో రాజధాని లాంటిది, 1565 తర్వాత అసలు రాజధానే అయింది. ఆయన చెప్పిన ఆకులన్నీ ఇవాళ కూడా ఆ చుట్టుపక్కల వానకి మొలుస్తాయి.

ఆ పద్యంలో ఒక ఖాళీ కూడా ఉంది. మంచమెక్కిన రెడ్లు కనిపిస్తారు. ఆ వర్ణనలోనే, వానలో నిప్పు దొరక్క, తడి కట్టెలు అంటుకోక ఇల్లాళ్లు పడే అవస్థ కూడా కనిపిస్తుంది. చేలల్లో వంగి ఆకు తుంచిన మనిషి మాత్రం కనిపించదు. ఏది చెంచలో, ఏది పశువులు కూడా ముట్టనిదో, పూత వచ్చాక ఏది చేదెక్కుతుందో తెలిసింది ఆ మనిషికే. ఈ చదువు కలుపు తీసే ఆడవాళ్లది. వాళ్లలో ఎక్కువమంది కూలికి వచ్చినవాళ్లు. రోజు కూలి గింజల్లో వచ్చేది, కూర ఒడిలో వచ్చేది.

రాయల కాలపు ఆ కంచాన్ని ఇవాళ్టి కంచం పక్కన పెట్టి చూస్తే ‘అచ్చమైన’ రాయలసీమ తిండి అనే మాట కాస్త తడబడుతుంది. ఆయన రోజుల్లో ఈ చేలల్లో పచ్చిమిరపకాయ లేదు, టమోటా లేదు, ఊరుబిండికి ప్రాణమైన చెనక్కాయ కూడా లేదు. మూడూ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి తర్వాత వచ్చినవే. రాగులు అంతకు చాలా ముందే తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చాయి. ఈ కంచంలో పాతకాపు ఎవరంటే ఉలవలు, అండుకొర్రలు, ఆ పేరులేని ఆకులు.

వానాకాలపు ఆకులు కార్తీకం దాటేసరికి ముదిరిపోతాయి. అప్పుడు నల్లరేగడి వంతు. ఉరవకొండ, విడపనకల్లు, తాడిపత్రి వైపు చేలల్లో అక్టోబరు, నవంబరుల్లో పప్పుశెనగ వేస్తారు. నెల దాటాక కొసలు గిల్లితే చెట్టు పక్కకొమ్మలు పెడుతుంది, కాపు పెరుగుతుంది. గిల్లిన కొసలే చలికాలపు కూర. పప్పుశెనగ ఆకు మీద సన్నని నూగు ఉంటుంది, దాని నుంచి పుల్లటి ద్రవం ఊరుతుంది. అందులో ఉండేది ముఖ్యంగా మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు. పొద్దున్నే మంచులో చేలో నడిస్తే కాళ్లు చిటచిటలాడేది అందుకే. వేరే పులుపు లేకున్నా కూర పుల్లగా దిగేదీ అందుకే.

వండడం తేలికే. లేత కొసలు, గుప్పెడు కందిబేడలు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక ఎర్రగడ్డ, ఉంటే ఒక టమోటా వేసి మెత్తగా ఉడకబెడతారు. నీళ్లు పక్కకి వంచి, రాళ్ల ఉప్పు వేసి, పప్పుగుత్తితో బాగా ఎనుపుతారు. వంచిన నీళ్లు మళ్లీ అందులోనే పోస్తారు. తెల్లగడ్డ చితక్కొట్టి, ఎండుమిరపకాయ తుంచి తిరగవాత పెడతారు. ఇంకో పొయ్యి మీద నూకలు ఉడుకుతుంటాయి. వాటి మీద రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి, పిండి మగ్గాక దించి కట్టెతో గెలకాలి. చెయ్యి తడిచేసుకుని ముద్దలు చేస్తారు. ముద్ద మధ్యలో గుంట చేసి పుల్లగూర పోసుకుంటే, చలిలో అది చివరిదాకా వేడిగానే ఉంటుంది. పక్కన చెనక్కాయల ఊరుబిండి. గింజలోని పిండి, పప్పులోని మాంసకృత్తులు, ఆకులోని ఇనుము, చెనక్కాయలోని కొవ్వు, కూలిపని చేసే ఒంటికి కావలసినవన్నీ ఈ కంచంలో కుదిరాయి. ఈ లెక్క ఏ పుస్తకంలో చూసి వేసింది కాదు.

అధికారుల లెక్కల్లో మాత్రం ఆకు ఎప్పుడూ లేదు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేశాక థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా చేసి పొలాలు కొలిపించాడు, శిస్తులు కట్టించాడు. నేలకీ నీటి వసతికీ విలువ కట్టారు. గట్టు మీది చెంచలికి ఎవరు కడతారు?

1876లో ధాత కరువు వచ్చింది. అనంతపురం అప్పటికింకా బళ్లారి జిల్లాలో భాగం, విడిగా జిల్లా అయింది 1882లో. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల్లో మగమనిషి కూలిని రోజుకి ఒక పౌను, అంటే దాదాపు 450 గ్రాముల ధాన్యానికీ కొంచెం చిల్లరకీ తగ్గించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దానికి అడ్డం తిరిగాడు. రాళ్లు కొట్టే ఒంటికి ఇది చాలదని వాదించాడు. కొన్ని నెలలకి కూలి పెంచారు, ఆలోగా పోయినవాళ్లు పోయారు. ఆ కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో చచ్చిపోయినవాళ్లని లక్షల్లో లెక్కపెట్టాలి.

ఇక్కడ ఆకు గురించి గొప్పలు పోకూడదు. వాన సరిగా కురవక పంట పోయిన ఏడు ఆకు కాపాడుతుంది. జొన్న గింజ పట్టడానికి మూడు నెలలు కావాలి, చెంచలికి ఒక పదును వాన పడితే కొద్ది వారాల్లో కూరకి వస్తుంది. కానీ చినుకే పడని ఏడు ఆకు కూడా ఉండదు. 1950ల మొదట్లో సీమ మళ్లీ మాడినప్పుడు ఊరూరా గంజి కేంద్రాలు పెట్టాల్సివచ్చింది. తరిమెల మనిషి విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ రాసింది ఆ దశకంలోనే, ఈ ఆకలి గురించే. పుల్లగూరని ముచ్చటగా చెప్పుకునేటప్పుడు దాని వెనక ఈ గంజి బానలు కూడా కనిపించాలి.

తర్వాత రెండు మార్పులు వచ్చాయి. చెనక్కాయ ఎర్రనేలల్ని ఆక్రమించింది. జొన్న, కొర్ర, కంది, అనుము కలిపి వేసే చేలు పోయి, లక్షల హెక్టార్లలో ఒకే పైరు నిలిచింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చింది. దాన్ని తిండి సంస్కృతికి జరిగిన ద్రోహమని పట్నంలో కూర్చుని అనడం సులువు. వరన్నం పండగనాడు మాత్రమే చూసిన ఇంట్లో రోజూ తెల్లన్నం ఉడకడం చిన్న విషయం కాదు. బియ్యం వచ్చాక కూడా ఆకు పోలేదు. చెనక్కాయ చేలో కలుపు తీసే ఆడవాళ్లు సాయంత్రం ఒడినిండా కూర తెచ్చుకుంటూనే ఉన్నారు.

ఆకుని నిజంగా దెబ్బకొట్టింది కలుపుమందు. కూలి దొరకడంలేదని, ఖర్చు తగ్గుతుందని రైతు కొడతాడు. అతని లెక్క అతనిది, తప్పుపట్టలేం. కానీ మందుడబ్బా దృష్టిలో గురుగు, చెంచలి, తుమ్మి అన్నీ కలుపే. రాయలు కంచంలో చూసినవి అక్కడ చంపాల్సినవాటి జాబితాలో ఉన్నాయి. మందు కొట్టిన చేలో కలుపుకూలి పోతుంది, దాంతో పాటు కూర పోతుంది. ఏ ఆకు తినొచ్చో కూతురికి చూపించే సందర్భం కూడా పోతుంది.

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల ఏడాదిగా జరిపింది. కొర్రలకీ రాగులకీ మంచి సంచులొచ్చాయి, ధరలొచ్చాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990 నుంచీ పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ లాంటి సంస్థలు ఈ గింజల్ని మళ్లీ చేలల్లోకి తెచ్చాయి. మంచిదే. ఆకుని మాత్రం సంచిలో పెట్టలేం. కోసిన పూటకే వాడిపోతుంది, దూరం పోలేదు, అందుకే దానికి మార్కెట్టూ లేదు, పండగ ఏడాదీ లేదు.

మార్గశిరంలో అటువైపు వెళ్తే సంతలో పప్పుశెనగ ఆకు కుప్పలుగా పోసి అమ్ముతుంటారు. కొనేముందు ఏ చేనిదో, మందు కొట్టి ఎన్నాళ్లయిందో అడగండి, అమ్మే ఆమెకి తెలిసే ఉంటుంది. ఎలా వండాలో కూడా ఆమెనే అడగండి. ఆ సాయంత్రమే వండుకోండి, మర్నాటికి ఉండదు.